పంపకం ఎవరి చేతిలో?

మస్కట్‌లో మధ్యాహ్నం పన్నెండయిందని కంప్యూటర్ తెర చూపిస్తున్నప్పుడు, ఆ సంగతి ఆ యంత్రంలోని కెర్నల్‌కు తెలియదు. లినక్స్ కెర్నల్ లెక్కపెట్టేది 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్లనే. ఒమన్ గడియారం గ్రీనిచ్ కన్నా నాలుగు గంటలు ముందుంటుందనీ, ఎండాకాలం వచ్చిందని అక్కడ ముల్లు జరపరనీ రాసి ఉన్నది డిస్కు మీది ఓ చిన్న ఫైలులో. 'ఆసియా/మస్కట్' అని పిలిచే ఆ ఫైలు 'ఆసియా/దుబాయ్'కి మారుపేరు. రెండు నగరాల సమయం ఒకటే కనుక ఒక పట్టికే రెండింటికీ సరిపోయింది. ఆ పట్టిక తెరిచి, సెకన్లను మస్కట్ గంటలుగా మార్చి ప్రోగ్రాముకు అందించేది సీ లైబ్రరీ. ఒకే లైబ్రరీ ఆ యంత్రంలో నడిచే దాదాపు అన్ని ప్రోగ్రాములకూ ఆ సేవ చేస్తుంది.

మరి ఆ లైబ్రరీని ప్రోగ్రాము దగ్గరికి తెచ్చింది ఎవరు?

ఆపరేటింగ్ సిస్టమ్‌లు కట్టేవాళ్లు దాదాపు అరవై ఏళ్లుగా ఆలోచిస్తున్న ప్రశ్న ఇది. షేర్డ్ లైబ్రరీని పేరుపెట్టి వెతకడం, మెమరీలోకి ఎక్కించడం, ప్రోగ్రాములో దాన్ని పిలిచే చోట్లన్నిటికీ సరైన చిరునామా రాయడం: ఇదంతా కెర్నల్ చేయాలా, కెర్నల్ బయట జరగాలా? జవాబును బట్టి యంత్రం ఎంత భద్రంగా ఉంటుందో, పదేళ్ల కిందటి ప్రోగ్రాము ఇవాళ నడుస్తుందో లేదో, కొత్త పద్ధతి ఆలోచించినవాడు దాన్ని ప్రయత్నించి చూడగలడో లేదో తేలుతుంది.

మామూలు సర్వరులో ఒకేసారి వందల ప్రాసెస్‌లు నడుస్తుంటాయి. ప్రతి ఒక్కటీ ఫైళ్లు తెరుస్తుంది, అక్షరాలు పేరుస్తుంది, మెమరీ అడుగుతుంది, టైము చూస్తుంది. ఈ పనుల కోడ్‌ను ప్రతి ప్రోగ్రామూ తన కడుపులో పెట్టుకుంటే అదే సరుకు వందసార్లు మెమరీలో కూర్చుంటుంది. అందుకే ఉమ్మడి కోడ్‌ను విడిగా ఒక ఫైలులో ఉంచారు. కెర్నల్ ఆ ఫైలు పేజీలను మెమరీలో ఒక్కసారే ఉంచి, అడిగిన ప్రతి ప్రాసెస్‌కూ వాటినే చూపిస్తుంది. కోడ్ ఉన్న పేజీలను ఎవరూ మార్చరు కనుక అందరికీ ఒకే ప్రతి చాలు. మార్చే అవసరం ఉన్న డేటా పేజీల విషయంలో మాత్రం, ఎవరు రాయబోతే వారికి అప్పుడు సొంత ప్రతి చేసిస్తుంది.

పదిమందికీ చెందిన వస్తువు ఉన్నచోట రెండు పనులు పుడతాయి. వస్తువును కాపాడటం ఒకటి. ఎవరికి ఏది, ఎప్పుడు, ఏ లెక్కన చేరాలో తేల్చడం రెండోది. రెండూ ఒకే చోట జరుగుతుంటాయి కాబట్టి ఒకటే పని అనిపిస్తుంది. ఒకటి కాదని శతాబ్దాలుగా చేసి చూపించిన దేశం ఒమన్.

అక్కడి కొండల అడుగున ఉన్న నీటిని, పంపు అన్నది లేకుండా, నేల వాలు ఆసరాగా ఊళ్లకు నడిపించే కాలువల పేరు ఫలజ్. కొన్ని వాగుల్లోంచి, ఊటల్లోంచి మొదలవుతాయి. అన్నిటికన్నా శ్రమతో కూడినవి దావూదీ ఫలజ్‌లు: కొండ పాదాన తల్లి బావి తవ్వి, అక్కడి నుంచి భూమి లోపల కిలోమీటర్ల పొడవున సొరంగం తీసి, ఊరి దగ్గర నీటిని పైకి తేలుస్తారు. దాదాపు 3,000 ఫలజ్‌లు నేటికీ పారుతున్నాయని యునెస్కో లెక్క. నిజ్వాలోని దారిస్, బిర్కత్ అల్ మౌజ్‌లోని అల్ ఖత్మైన్, ఇజ్కీలోని అల్ మల్కి, రుస్తాక్‌లోని అల్ ముయస్సర్, సూర్ ప్రాంతంలోని అల్ జీలా, ఈ ఐదింటినీ 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి తీసుకుంది.

ఊళ్లోకి వచ్చిన నీరు మొదట తాగునీళ్లు ముంచుకునే చోటికి చేరుతుంది. అక్కడ వాటాలు లేవు, ఎవరైనా పట్టుకోవచ్చు. తర్వాత మసీదు, స్నానాల గదులు. ఆ తర్వాత ఖర్జూర తోటలు, చివర ఏటికేడు వేసే పంటల చేలు. తోటల దగ్గరికి వచ్చేసరికి లెక్క మొదలవుతుంది. నీటిని కాలంతో కొలుస్తారు. అసర్ అంటే సుమారు అరగంట పారకం. పగలు నీడకర్ర నీడతోనూ రాత్రి నక్షత్రాలు పొడిచే వేళలతోనూ వంతులు మార్చేవారు, ఇప్పుడు ఎక్కువ చోట్ల చేతి గడియారం వచ్చింది. వాటాలు తండ్రి నుంచి పిల్లలకు వస్తాయి, అమ్ముకోవచ్చు, కౌలుకు ఇచ్చుకోవచ్చు. కొన్ని వాటాలు మసీదువి, కొన్ని ఫలజ్ సొంతానివి. వాటిని వేలం వేసి వచ్చిన డబ్బుతో కాలువ బాగుచేస్తారు. మొత్తం వ్యవహారం చూసుకునే పెద్ద వకీల్. వంతులు తప్పకుండా నడిపేవాడు ఆరిఫ్. తెలంగాణ, రాయలసీమ చెరువుల కింద ఏ మడికి ఎప్పుడు నీరు వదలాలో చూసిన నీరటి, నీరుగంటి ఎలాంటివాడో ఆరిఫ్ అలాంటివాడు.

ప్రభుత్వానికి అక్కడ పని లేదని కాదు. తల్లి బావి చుట్టూ నిర్ణీత దూరంలో ఎవరూ కొత్త బావి తవ్వకుండా చూసేది ప్రభుత్వం. కూలిన సొరంగానికి సాయం చేసేదీ అదే. అయితే ఈ రాత్రి మూడో అసర్ ఎవరిదని మస్కట్‌లోని మంత్రిత్వ శాఖను ఎవరూ అడగరు. ఊటకు కాపలా పైవారిది, పంపకం ఊరిది. ఒక ఊళ్లో ఆరిఫ్ లెక్క తప్పితే గొడవ ఆ ఊరి పొలిమేర దాటదు. ఒక ఊరి పద్ధతి పక్క ఊరి పద్ధతిలాగా ఉండనక్కర్లేదు, ఉండదు కూడా. కంప్యూటర్లలో ఈ హద్దును కనిపెట్టడానికి చాలా దెబ్బలు తినవలసి వచ్చింది.

మొదటి దెబ్బ మల్టిక్స్‌ది. 1965లో ఎంఐటీ, బెల్ ల్యాబ్స్, జనరల్ ఎలక్ట్రిక్ కలిసి ప్రకటించిన ఆ మహా ఆపరేటింగ్ సిస్టమ్‌లో షేరింగ్ మూలసూత్రం. ఒక ప్రోగ్రాము ఇంకోదాన్ని పేరుతో పిలిస్తే, మొదటిసారి పిలిచినప్పుడు ప్రాసెసర్ ఆగి లింకర్‌ను లేపేది. లింకర్ ఆ పేరును నియమాల ప్రకారం వెతికి, దొరికిన చోటి చిరునామాను అతికించేది. రెండోసారి నుంచి ఆగే పనే లేదు. ఇవాళ ప్రతి ఫోనులోనూ ఉన్న డైనమిక్ లింకింగ్ అనే ఆలోచన అంత పరిపూర్ణంగా అప్పటికే అక్కడ ఉంది. ఆ లింకర్‌ను వాళ్లు అన్నిటికన్నా లోపలి వలయంలో, అంటే కెర్నల్ స్థాయి అధికారంతో నడిపారు. సిస్టమ్ మొత్తానికి పనికొచ్చే సేవ కనుక నడిబొడ్డున ఉండాలన్నది అప్పటి ఆలోచన.

కొన్నేళ్లకే అందులోని ప్రమాదం బయటపడింది. లింకర్ చదివేది వాడుకరులు తయారుచేసిన ఫైళ్లను. ఆ ఫైళ్లలో పట్టికలు, పట్టికల్లో సూచికలు, సూచికల్లో మళ్లీ దారులు: చాలా చిక్కైన నిర్మాణం. పొరపాటునో కావాలనో ఆ పట్టికలో ఒక అంకె తప్పుంటే, తడబడేది సర్వాధికారాలతో నడుస్తున్న లింకర్. ఒకరి ఫైలులోని తప్పు అందరి యంత్రాన్నీ పడగొట్టగలదు. 1974లో ఎంఐటీలో ఫిలిప్ జాన్సన్ అనే విద్యార్థి తన సిద్ధాంత వ్యాసంలో ఆ లింకర్‌ను భద్రతా కెర్నల్ నుంచి బయటికి తీసి, వాడుకరి వలయంలో నడిపి చూపించాడు. లింకర్ చేసే పనుల్లో వేటికీ నిజానికి కెర్నల్ అధికారం అక్కర్లేదని తేలింది. ఫైలు తెరిచే హక్కు వాడుకరికి ఉంటే లింకర్‌కూ ఉంటుంది. లేకపోతే ఇద్దరికీ ఉండదు. వాడుకరికి లేని అధికారం అతని తరఫున పనిచేసే లింకర్‌కు ఎందుకు?

ఈ చర్చలో అసలైన మలుపు జాన్సన్ వ్యాసం. కోడ్‌ను ఎక్కడ పెడితే వేగంగా నడుస్తుంది, ఎక్కడ పెడితే సులువు అన్నవి అప్పటిదాకా వేసుకున్న ప్రశ్నలు. ఈ పనికి ఏ అధికారం అవసరం, ఆ అధికారం మించి ఎందుకు ఇవ్వాలి అన్నది కొత్త ప్రశ్న. అలా అడిగితే జవాబు దానంతటదే దొరుకుతుంది.

యూనిక్స్ లోకం ఆ పాఠం వెంటనే నేర్చుకోలేదు. మల్టిక్స్ బరువు చూసి విసిగిన బెల్ ల్యాబ్స్ వాళ్లు కట్టుకున్న యూనిక్స్‌లో మొదట షేర్డ్ లైబ్రరీలే లేవు. 1980ల రెండో సగంలో సిస్టమ్ ఫైవ్ మూడో విడుదలలో అవి వచ్చినప్పుడు, ప్రతి లైబ్రరీకీ మెమరీలో ఒక శాశ్వత చిరునామా కేటాయించారు. లినక్స్ తొలినాళ్లలోనూ అంతే. ఏ లైబ్రరీ ఏ చిరునామాలో కూర్చోవాలో ముందే రాసిపెట్టుకునేవారు. రెండు లైబ్రరీలకు ఒకే చోటు పడితే రెండూ కలిసి ఒక ప్రోగ్రాములో నడవలేవు. లైబ్రరీని ఎక్కించడానికి కెర్నల్‌లోనే 'యూజ్‌లిబ్' అనే సిస్టమ్ కాల్ ఉండేది. ఫైలు పేరు చెబితే చాలు, అందులో రాసి ఉన్న చిరునామాకు కెర్నల్ దాన్ని తీసుకొచ్చి పెట్టేది.

సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజనీర్లు వేరే దారి పట్టారు. రాబర్ట్ జింజెల్, ఆయన సహచరులు 1987లో ప్రచురించిన పత్రం ప్రకారం, కెర్నల్ ఇవ్వవలసింది ఒక్కటే: ఏ ఫైలులోని ఏ భాగాన్నైనా ప్రాసెస్ మెమరీలో కోరినచోట కనిపించేలా చేసే 'ఎంమ్యాప్' అనే సాధారణ సౌకర్యం. దాంతో కెర్నల్‌కు లైబ్రరీ అంటే ఏమిటో తెలియనక్కర్లేదు. 1988 నాటి సన్ఓఎస్ 4.0లో ప్రోగ్రాము ఆరంభంలో ఉండే చిన్న కోడ్ తానే లోడర్ ఫైలును తెరిచి మ్యాప్ చేసుకుని దానికి పగ్గాలు అప్పగించేది. ఆ లోడర్ మిగతా లైబ్రరీలను వెతికి తెచ్చేది. లైబ్రరీ కోడ్ ఏ చిరునామాలో పెట్టినా నడిచేలా తయారుచేశారు కాబట్టి శాశ్వత చోట్ల కేటాయింపు అవసరమే పోయింది. నేటి లినక్స్, బీఎస్‌డీ, సొలారిస్ అన్నీ ఆ వంశంలోనివే.

ఇప్పుడు లినక్స్‌లో ఒక ప్రోగ్రాము మొదలైతే పని ఇలా విడిపోతుంది. కెర్నల్ ప్రోగ్రాము ఫైలు మొదటి భాగాన్ని చదువుతుంది. దాని పేజీలను మెమరీకి జతచేస్తుంది. నన్ను నడిపే లోడర్ ఫలానా అని ఆ ఫైలులో ఒక పేరు రాసి ఉంటుంది. ఆ లోడర్ ఫైలును కూడా మ్యాప్ చేసి, కొన్ని అవసరమైన వివరాలు అందించి, పక్కకు తప్పుకుంటుంది. అక్కడితో కెర్నల్ పాత్ర సరి. ఏ లైబ్రరీలు కావాలి, ఏ డైరెక్టరీల్లో వెతకాలి, ఏ వెర్షన్ సరిపోతుంది, ఒకే పేరుతో రెండు ఫంక్షన్లుంటే ఏది ఎంచుకోవాలి: ఈ నిర్ణయాలన్నీ లోడర్‌వి. లోడర్ ఆ ప్రాసెస్ లోపలే, ఆ ప్రాసెస్‌కున్న హక్కులతోనే నడుస్తుంది. తడబడితే పడిపోయేది ఆ ఒక్క ప్రాసెస్.

అందువల్ల ఒక యంత్రంలో రెండు మూడు లోడర్లు కలిసి బతకగలవు. గ్నూ సీ లైబ్రరీ లోడర్ ఒకటి. ఆల్పైన్ లినక్స్ వాడే మసల్ లోడర్ మరొకటి. మసల్‌లో సీ లైబ్రరీ, లోడర్ రెండూ ఒకే ఫైలు. కెర్నల్‌కు ఆ తేడాతో పనే లేదు. 'ఎంమ్యాప్' ఒప్పందం మారనంతకాలం, లోడర్ రాసేవాళ్లు తమ పద్ధతిని ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, మార్చుకుంటూనే ఉన్నారు కూడా.

పాత 'యూజ్‌లిబ్' మాత్రం దాదాపు ఎవరూ వాడని తలుపుగా లినక్స్‌లో చాలా ఏళ్లు మిగిలిపోయింది. 2005 జనవరిలో పరిశోధకుడు పాల్ స్టార్జెట్జ్ ఆ తలుపు వెనకున్న లోపాన్ని బయటపెట్టాడు. కెర్నల్ లైబ్రరీని మెమరీలో పెడుతున్న క్షణంలో సరైన తాళం పడని సందు ఒకటుంది. ఆ సందులో దూరి మామూలు వాడుకరి రూట్ అధికారం సంపాదించవచ్చు. అంతకు ముప్పై ఏళ్ల ముందు మల్టిక్స్‌ను బాధపెట్టిన జబ్బు ఇదే: లైబ్రరీ ఎక్కించే పని కెర్నల్‌లో ఉంది, దానిలోని తప్పు యంత్రం మొత్తాన్నీ అప్పగించింది.

ఇంత చెప్పాక ఎదుటి వాదాన్ని నిజాయితీగా వినాలి. లోడర్‌ను బయటికి తెచ్చినంత మాత్రాన ప్రమాదం పోలేదు. కొన్ని ప్రోగ్రాములు, ఉదాహరణకు 'సుడో', 'సు', ఎవరు నడిపినా రూట్ హక్కుతో నడుస్తాయి. వాటి లోపల లోడర్ కూడా ఆ హక్కుతోనే నడుస్తుంది. లోడర్ ఎలా ప్రవర్తించాలో చెప్పే పర్యావరణ చరరాశులు నడిపినవాడి చేతిలో ఉంటాయి. ఈ లైబ్రరీని ముందు ఎక్కించు అని చెప్పగల చరరాశిని ఇలాంటి ప్రోగ్రాముల విషయంలో పట్టించుకోకూడదు. అందుకే కెర్నల్, ప్రోగ్రామును మొదలుపెట్టేటప్పుడు, ఇది హక్కులు పెరిగిన ప్రాసెస్, జాగ్రత్త అని లోడర్‌కు ఒక గుర్తు అందిస్తుంది. ఎవరి హక్కు ఎంతో కెర్నల్ మాత్రమే నమ్మకంగా చెప్పగలదు కాబట్టి ఆ గుర్తు పెట్టడం దాని పనే.

గుర్తు ఉన్నా తప్పు జరిగింది. 2023 అక్టోబర్‌లో క్వాలిస్ సంస్థ పరిశోధకులు 'లూనీ ట్యూనబుల్స్' పేరుతో గ్నూ లోడర్‌లో ఓ లోపం ప్రకటించారు. లోడర్ తన సర్దుబాట్ల కోసం చదివే ఒక చరరాశిని తప్పుగా విడదీసి, కేటాయించిన చోటు దాటి రాసేస్తోంది. 2021లో వచ్చిన 2.34 వెర్షన్ నుంచీ ఆ లోపం ఉంది. ఫెడోరా, ఉబుంటు, డెబియన్ మామూలు అమరికల్లో ఏ వాడుకరైనా దాంతో రూట్ కాగలిగాడు. మసల్ లోడర్ వాడే ఆల్పైన్‌కు అది తగలలేదు. పంపకం ఊరిదయినప్పుడు ఒక ఊరి జబ్బు ఇంకో ఊరికి పాకని మేలు ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. లోడర్ కెర్నల్‌లో లేకపోయినా దాన్ని కెర్నల్‌తో సమానమైన శ్రద్ధతో రాయాలన్న హెచ్చరిక కూడా అందులోనే ఉంది. వకీల్ ప్రభుత్వోద్యోగి కాడు. అంతమాత్రాన అతని లెక్కల పుస్తకం ఎలా ఉన్నా ఫర్వాలేదని ఊరు అనుకోదు.

2024 మార్చి ఇంకా పెద్ద పాఠం చెప్పింది. కుదింపు పని చేసే ఎక్స్‌జెడ్ లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో నమ్మకం సంపాదించి దొంగదారి పెట్టారు. గురి ఆ లైబ్రరీ కాదు. దూరం నుంచి యంత్రాల్లోకి లాగిన్ కావడానికి వాడే ఓపెన్ఎస్ఎస్‌హెచ్ సర్వరు. ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌కు ఎక్స్‌జెడ్‌తో నేరుగా సంబంధమే లేదు. కొన్ని లినక్స్ పంపిణీలు ఒక చిన్న సౌకర్యం కోసం దానికి, యంత్రంలోని సేవలను మొదలుపెట్టి నడిపే సిస్టమ్‌డీ లైబ్రరీని జోడించాయి, ఆ లైబ్రరీకి ఎక్స్‌జెడ్ కావాలి. గొలుసు అలా కుదిరింది. లోడర్ లైబ్రరీలను కలిపే వేళలో, ఏ ఫంక్షన్ వాడాలో లైబ్రరీయే ఎంచుకునే వెసులుబాటు ఒకటుంది. దొంగ కోడ్ ఆ వెసులుబాటును పట్టుకుని ముందుగా నిద్రలేచి, తాళం సరిచూసే ఫంక్షన్ స్థానంలో తనను అతికించుకుంది. లాగిన్‌కు సుమారు అర సెకను ఆలస్యమవుతోందని గమనించి తవ్విన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు మార్చి 29న దాన్ని లోకానికి చెప్పాడు. స్థిరమైన పంపిణీల్లోకి పాకకముందే అది దొరికింది.

లోడర్ కెర్నల్‌లో ఉండి ఉంటే ఆ దొంగతనం ఆగేదా? ఆగేది కాదు. పేరు సరిగ్గానే ఉంది, ఫైలు సరైన చోటే ఉంది, ఎక్కించే హక్కూ ఉంది. కెర్నల్ అయినా అదే ఫైలును అంతే విధేయంగా ఎక్కించేది. పైగా దొంగ కోడ్ తడుముకునే చోటు సర్వాధికార వలయమై ఉండేది. ఆ కేసులో తప్పిన నిర్ణయం, లాగిన్ సర్వరు లోపలికి అన్ని లైబ్రరీలు ఎందుకు రావాలి అన్నది. అలాంటి నిర్ణయం ప్రోగ్రాము కట్టేవాళ్లదీ, పంపిణీదారులదీ.

మిగతా సిస్టమ్‌లూ వేర్వేరు దారుల్లో నడిచి దాదాపు ఇదే హద్దు దగ్గరికి చేరాయి. విండోస్‌లో కెర్నల్ ప్రతి ప్రాసెస్‌లోకీ 'ఎన్‌టీడీఎల్ఎల్' అనే ఒక్క లైబ్రరీని తానే మ్యాప్ చేస్తుంది. మిగిలిన డీఎల్ఎల్‌లను తెచ్చే లోడర్ ఆ లైబ్రరీ లోపల, వాడుకరి స్థాయిలో ఉంటుంది. ఒక ప్రోగ్రాము ఇన్‌స్టాల్ చేసిన డీఎల్ఎల్ ఇంకో ప్రోగ్రామును చెడగొట్టే బెడదకు 2001లో విండోస్ ఎక్స్‌పీ వెదికిన మందు, ఒకే లైబ్రరీ వేర్వేరు వెర్షన్లను పక్కపక్కనే ఉంచి, ఎవరికి ఏది కావాలో ప్రోగ్రామునే రాసివ్వమనడం. గూగుల్ ఫ్యూషియా ఇంకా ముందుకెళ్లింది. దాని కెర్నల్ జిర్కాన్‌కు ఫైల్ సిస్టమ్ అంటేనే తెలియదు. ప్రాసెస్ తనకిచ్చిన లోడర్ సేవను ఒక పేరుతో అడుగుతుంది; ఆ సేవ లైబ్రరీ ఉన్న మెమరీ వస్తువును చేతికిస్తుంది.

ఆపిల్ కథ కొంచెం భిన్నం, అందుకే చూడదగ్గది. ఐఫోన్, మ్యాక్‌లలో 'డీవైఎల్డీ' అనే లోడర్ వాడుకరి స్థాయిలోనే ఉంది. సిస్టమ్ లైబ్రరీలన్నిటినీ ముందే కలిపి కుట్టిన ఒక పెద్ద క్యాష్ ఫైలుగా ఉంచుతారు. 2020లో వచ్చిన బిగ్ సర్ నుంచి మ్యాక్ డిస్కు మీద ఆ లైబ్రరీలు విడి ఫైళ్లుగా కనిపించవు కూడా. 2022లో ఆపిల్ మరో అడుగు వేసింది. డేటా పేజీల్లో చిరునామాలు సరిదిద్దే పనిని, పేజీ మెమరీలోకి వచ్చే క్షణంలో కెర్నల్ చేసేలా మార్చింది. అంటే పని కొంత తిరిగి కెర్నల్‌లోకి వెళ్లింది. కానీ ఏ పని వెళ్లిందో చూడాలి. ఏ పేరుకు ఏ లైబ్రరీ అన్నది డీవైఎల్డీ ముందే తేల్చేస్తుంది. ఆ తేలిన అంకెలను పేజీలో నింపే యాంత్రికమైన భాగమే కెర్నల్‌కు చేరింది, పేజీలు నింపడం మొదటి నుంచీ దాని పనే కదా. హద్దు గీత కాస్త జరిగింది, చెరిగిపోలేదు.

కరీంనగర్ నుంచో కడప నుంచో గోదావరి జిల్లాల నుంచో ఒమన్ వెళ్లి, మస్కట్‌లోని రూవీలో ఓ గదిలో కూర్చుని ఇంటికి వీడియో కాల్ చేసే మనిషి చేతిలోని ఆండ్రాయిడ్ ఫోను ఈ హద్దు మీదే నడుస్తుంది. ఫోను లేవగానే 'జైగోట్' అనే ప్రాసెస్ ఉమ్మడి లైబ్రరీలను ఒకసారి ఎక్కించుకుని కూర్చుంటుంది. ప్రతి యాప్ దాని నుంచి చీలి పుడుతుంది కనుక ఆ లైబ్రరీల పేజీలు అన్ని యాప్‌లకూ ఉమ్మడే. తక్కువ మెమరీ ఉన్న చవక ఫోనులో కూడా పది యాప్‌లు నడవడానికి ఇదో ముఖ్య కారణం. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7.0 నుంచి అక్కడి లింకర్ ఓ కట్టుబాటు తెచ్చింది: సిస్టమ్ సొంతానికి పెట్టుకున్న లైబ్రరీలను యాప్‌లు ఎక్కించుకోలేవు, వాటికని ప్రకటించినవే వాడుకోవాలి. ఈ కట్టుబాటును అమలుచేసేది వాడుకరి స్థాయి లింకరే.

అసలు షేర్డ్ లైబ్రరీలే వద్దు, అన్నీ ప్రోగ్రాము లోపలే ఉండాలి అనే పక్షమూ ఉంది. బెల్ ల్యాబ్స్‌లోనే పుట్టిన ప్లాన్ 9 వాటిని తీసుకోలేదు. గో భాష ప్రోగ్రాములు చాలావరకు ఒకే ఫైలుగా తయారవుతాయి. ఒక్క ఫైలు ఎక్కడికి మోసుకెళ్లినా నడుస్తుందన్న నిశ్చింత చిన్నది కాదు. కానీ 2014 ఏప్రిల్‌లో ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో 'హార్ట్‌బ్లీడ్' బయటపడ్డ రోజు గుర్తుచేసుకుంటే ఎదుటి తూకం తెలుస్తుంది. సర్వరు మెమరీలోని రహస్యాలను బయటివాళ్లు చదవగలిగే ఆ లోపానికి, షేర్డ్ లైబ్రరీ వాడే యంత్రంలో ఒక్క ఫైలు మారిస్తే దాన్ని వాడే ప్రోగ్రాములన్నిటికీ చికిత్స జరిగింది. లోపల కలిపేసుకున్న ప్రోగ్రాములను ఒక్కొక్కటిగా వెతికి మళ్లీ తయారుచేయాల్సి వచ్చింది.

ఆ చికిత్సకూ ఒక షరతు ఉంది, సర్వర్లు నడిపేవాళ్లు మరచిపోకూడనిది. డిస్కు మీద లైబ్రరీ మారినా, అప్పటికే నడుస్తున్న ప్రాసెస్‌లు పాత పేజీలనే చూస్తుంటాయి. కొత్త ఫైలు పాత పేరు తీసుకుంటుంది. పాత ఫైలు పేరు పోయినా, దాన్ని పట్టుకుని ఉన్న చివరి ప్రాసెస్ ముగిసేదాకా కెర్నల్ దాన్ని వదలదు. అది కెర్నల్ చేస్తున్న తప్పు కాదు. నడుస్తున్న ప్రోగ్రాము కాళ్ల కింద నేల మార్చకూడదన్నది దాని బాధ్యత. ఎవరు ఎప్పుడు ఆగి మళ్లీ మొదలవ్వాలో తేల్చడం మళ్లీ బయటి పనే. డెబియన్, ఉబుంటుల్లో 'నీడ్‌రీస్టార్ట్' అనే పనిముట్టు, పాత లైబ్రరీ పట్టుకుని ఉన్న ప్రాసెస్‌లను వెతికి చూపిస్తుంది. 2003లో రుసైల్‌లో తెరిచిన నాలెడ్జ్ ఒయాసిస్ మస్కట్ ఐటీ పార్కులోనైనా హైదరాబాద్ మాదాపూర్‌లోనైనా, అప్‌డేట్ చేశాం కాబట్టి పని అయిపోయిందని అనుకునే సర్వరు గదిలో ఈ ఒక్క అడుగు మిగిలే ఉంటుంది.

ఎక్స్‌జెడ్ ఉదంతం తర్వాత జరిగిన మార్పులను వరసగా చూస్తే ఈ వాదానికి ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు. 2024 జూన్‌లో వచ్చిన సిస్టమ్‌డీ 256, కుదింపు లైబ్రరీల వంటివాటిని మొదట్లోనే ఎక్కించుకోకుండా, నిజంగా అవసరమైన క్షణంలో మాత్రమే తెచ్చుకునే పద్ధతికి మారింది. ఆ మార్పు పని దొంగదారి బయటపడక ముందే మొదలైంది. ఇలా తర్వాత తెచ్చుకోబోయే లైబ్రరీల పేర్లు ఫైలులో బయటికి కనిపించేలా రాసిపెట్టే ఏర్పాటు కూడా చేశారు, పంపిణీలు కట్టేవాళ్లకు గొలుసు ఎక్కడిదాకా ఉందో తెలియాలని. 2024 జూలైలో వచ్చిన ఓపెన్ఎస్ఎస్‌హెచ్ 9.8, ఏ సౌకర్యం కోసమైతే సిస్టమ్‌డీ లైబ్రరీని లోపలికి రానిచ్చారో, దాన్ని కొద్ది వరుసల సొంత కోడ్‌గా రాసుకుంది. గొలుసులోని రెండు కొక్కేలూ అలా ఊడిపోయాయి. అందుకోసం లినక్స్ కెర్నల్‌లో ఒక్క వరుస కూడా మార్చవలసిన పని పడలేదు.